పంప ప్రశస్తి, వేములవాడ నేల

కన్నడ సాహిత్యకారులను గౌరవించేందుకు కర్ణాటక ప్రభుత్వం 1987లో నెలకొల్పిన పంప ప్రశస్తికి పేరునిచ్చిన కవి, పదో శతాబ్దంలో నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్యుల ఆస్థానానికి చెందినవాడు. కన్నడ ఆదికవిగా ప్రసిద్ధుడైన పంపడు, క్రీ.శ. 941లో తొలి జైన తీర్థంకరుడి చరిత్రైన ఆదిపురాణాన్ని పూర్తిచేసి, తన ప్రభువు రెండో అరికేసరిని అర్జునుడితో పోలుస్తూ విక్రమార్జున విజయాన్ని రచించాడు. పంపభారతంగా పేరొందిన ఆ కావ్యానికి మెచ్చి అరికేసరి అతనికి ధర్మపురమనే అగ్రహారాన్ని, అంటే పండితులకు దానంగా ఇచ్చే గ్రామాన్ని, బహూకరించాడు.

వేములవాడ ప్రాంతంతో పంపడి కుటుంబానికి ఉన్న సంబంధానికి బలమైన సాక్ష్యం పాత కరీంనగర్ జిల్లాలో, గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై ఉంది. పంపడి తమ్ముడు జినవల్లభుడు అక్కడ జైన శిల్పాలు చెక్కించి, వాటి కింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో వేయించిన శాసనంలోని కంద పద్యాలు, అంటే నాలుగు పాదాల మాత్రా ఛందస్సులోని పద్యాలు, నన్నయకు ముందే తెలుగులో పద్యరచన సాగిందని నిరూపిస్తున్నాయి.

నేటి ప్రశస్తి తొలిసారి శ్రీరామాయణ దర్శనం కావ్యానికి గాను కువెంపుకు దక్కింది. మొదట ఒక్కొక్క గ్రంథానికి ఇచ్చిన ఈ పురస్కారాన్ని 1996 నుంచి రచయిత సమగ్ర సాహిత్య కృషికి ఇస్తూ, పంపడు తన కావ్యంలో మక్కువతో వర్ణించిన బనవాసిలో జరిగే కదంబోత్సవంలో ప్రదానం చేసే సంప్రదాయం ఏర్పడింది. ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు రెండు భాషల సాహిత్య చరిత్రలకు ఆధారమైనందున, కన్నడ పురస్కార చరిత్ర తెలంగాణ చరిత్రలో కూడా ఒక అధ్యాయమవుతుంది.