ఱాతిధూళియు నూపిరియు



నేను ఓనమాలు దిద్దినది పలకమీద ఱాతిబలపముతోనే. మీలో ననేకులును అట్లే దిద్దియుందురు. ఆ బలపమును కోసినవాని యూపిరి యేమైనదని నేను చిన్ననాడెన్నడును అడుగలేదు. నేడా ప్రశ్నకు సంబంధించిన చరిత్రను మీకు మనవి చేసెదను.

పలుగుఱాయి, చెకుముకిఱాయి మొదలగువానిలో సిలికా యను పదార్థము మెండుగా గలదు. ఱాతిని కొట్టినపుడును, కోసినపుడును లేచు ధూళిలో కంటికి కానరాని రేణువులుండును. అవి ముక్కును, గొంతును దాటి ఊపిరితిత్తుల యడుగునకు చేరును. వానిని మ్రింగి హరింపజూచు శరీరకణములే నశించును. ఆ చోట మచ్చకట్టి తిత్తి బిరుసెక్కును. అది మరల మెత్తబడదు. పని మానినను వ్యాధి ముదురవచ్చును. క్షయయు దానికి తోడగుట కలదు.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. జర్మను పండితుడు అగ్రికోలా గనులనుగూర్చి వ్రాసిన గ్రంథము 1556లో అచ్చయ్యెను. కార్పేథియన్ పర్వతముల గనులచెంత, ఈ రోగమువలన వరుసగా ఏడుగురు భర్తలను కోల్పోయిన స్త్రీలు గలరని యాతడందు వ్రాసెను. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని వృత్తిరోగములపై గ్రంథము ప్రకటించి, రోగిని 'నీ వృత్తి యేమి?' యని వైద్యుడు తప్పక యడుగవలెనని బోధించెను. 1870లో ఈ వ్యాధికి సిలికోసిస్ అను పేరు వచ్చెను.

పిమ్మట ఉలికిని, సుత్తికిని బదులుగా గాలిపీడనముతో నడచు బరమాయంత్రము వచ్చెను. పనితోపాటు ధూళియు హెచ్చెను. అమెరికా గనిపనివారు దానిని వితంతువులను చేయు యంత్రమనిరి. 1897 ప్రాంతమున లేనర్ అను నాతడు బరమా ఊచను బోలుగా చేసి, దానిగుండ నీరు పంపు నుపాయము కనిపెట్టెను. తడిసిన ధూళి అంతగా పైకెగయదు గదా!

బంగారుగనులకు ప్రసిద్ధమైన దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గు నగరమున, 1930లో అంతర్జాతీయ కార్మికసంస్థ పక్షమున వైద్యులు కూడి ఈ వ్యాధిని చర్చించిరి. ఆ యేటనే అమెరికాలోని పశ్చిమ వర్జీనియాయందు, హాక్స్ నెస్ట్ అనుచోట, విద్యుత్తుకై నదీజలమును మరలించుటకు కొండలో సొరంగము త్రవ్వ మొదలిడిరి. ఆ ఱాయి సిలికామయము. పనివారిలో నెక్కువమంది నల్లజాతివారు. నీరు వాడక పొడిగానే తొలిపించిరి. వందలమంది మరణించిరి. 1936లో కాంగ్రెసు ఉపసంఘము విచారణ జరిపెను. ఉపాయము తెలియక జరిగిన నష్టము కాదిది. కూలివాని ప్రాణముకంటె పని ముగియుటయే ముఖ్యమని తలచుటవలన జరిగినది.

ఇక మన బలపము మాట. మధ్యప్రదేశమందలి మందసౌరు ప్రాంతమున బలపములు విశేషముగా చేసెడివారు. అచ్చట విద్యుత్తుతో నడచు ఱంపములు ఱాతిని కోయుచుండగా ధూళి కార్మికులను క్రమ్ముచుండెను. 1980ల దశకమున ప్రకటింపబడిన పరిశోధనలో, పరీక్షింపబడినవారిలో సగముకంటె నెక్కువమందికి సిలికోసిస్ కనబడెను. నలుబదియేండ్లు నిండకయే మరణించినవారును గలరు.

పెద్దలారా! మీ యూరి పడుచువాడు ఱాళ్ల క్వారీకో, కంకరమిల్లుకో పోయివచ్చి దగ్గుచున్నచో క్షయ యని మాత్రమే తలచి యూరకుండకుడు. ఏ పని చేసెనో, ఎన్నియేండ్లు చేసెనో వైద్యునికి మీరే చెప్పుడు. పనికి పోవువానికి, నీరు పెట్టనిచోట ఱాయి కోయవలదని బోధింపుడు. ముక్కునకు గుడ్డ కట్టినంతమాత్రమున నా సూక్ష్మధూళి యాగదు.

బలపము చేసినవానిని నేనడుగలేకపోతిని. మన బిడ్డలనైన అడుగుదము.