దేహాన్ని దాచిన హంతకునికి దండనమెట్టిది?

షోడశ సంస్కారాలలో చివరిదైన అంత్యేష్టి మృతుడు తనకు తాను చేసుకోగలిగినది కాదు. జీవించి ఉన్నవారు అతనికి తీర్చవలసిన ఋణమది. శ్రీమద్రామాయణ యుద్ధకాండలో రావణునికి అంత్యక్రియలు జరపడానికి విభీషణుడు వెనుకాడినప్పుడు, వైరం మరణంతోనే ముగిసిందని శ్రీరామచంద్రుడు బోధించి ఆ కర్మ జరిపించాడు. మహాభారత స్త్రీపర్వంలో ధర్మరాజు దిక్కులేని యోధుల దేహాలకు సైతం దహనసంస్కారం చేయించాడు. శత్రువు దేహానికే ఇంతటి మర్యాద విహితమైనప్పుడు, ఒకరిని వధించి, ఆ దేహాన్ని దాచి, శిక్ష పడిన తరువాత కూడా ఆ చోటు చెప్పని హంతకుని పట్ల రాజధర్మమేమిటి? ఈ ప్రశ్నతో దీర్ఘకాలం పెనుగులాడిన దేశాలలో ఇంగ్లాండు ఒకటి.

1660లో ఆ దేశపు కాంప్డెన్ పట్టణంలో విలియం హారిసన్ అనే వృద్ధుడు అదృశ్యమయ్యాడు. దేహం దొరకలేదు. అయినా అతని సేవకుడు జాన్ పెర్రీ చెప్పిన మాటలను ఆధారం చేసుకుని ఆ సేవకుని, అతని తల్లిని, సోదరుని 1661లో ఉరితీశారు. 1662లో హారిసన్ సజీవుడై తిరిగివచ్చాడు! మృతదేహం కనబడనిదే హత్యానేరాన్ని నిర్ధారించరాదని ఆ శతాబ్దపు న్యాయకోవిదుడు మాథ్యూ హేల్ హెచ్చరించాడు. నిరపరాధుల రక్షణకై పుట్టిన నియమమది.

కాని అదే నియమం కాలక్రమంలో పాపాత్ములకు ఆశ్రయంగా తోచింది. దేహం లేకుంటే నేరమే లేదని భ్రమించిన జాన్ హేగ్, తాను చంపినవారిని గాఢమైన ఆమ్లంలో కరిగించాడు. కరగక మిగిలిన కట్టుడుపళ్లు మొదలైన అవశేషాలే అతనిని పట్టిచ్చాయి. 1949లో అతనికి ఉరిశిక్ష అమలయింది. అనంతరం వేల్స్‌కు చెందిన ఒనుఫ్రేచిక్ వ్యాజ్యంలో, దేహం దొరకకపోయినా పరిస్థితుల సాక్ష్యంతో హత్యను నిరూపించవచ్చునని 1955లో అప్పీలు న్యాయస్థానం స్పష్టం చేసింది. అప్పటినుండి దేహాన్ని దాచడం శిక్షను తప్పించుకునే మార్గం కాలేదు. అయినా మృతుని ఆప్తులపై జరిగే హింస మాత్రం ఆగలేదు.

1988 ఫిబ్రవరిలో బిల్లింజ్ గ్రామానికి చెందిన 22 ఏళ్ల హెలెన్ మెక్‌కోర్ట్ ఇల్లు చేరలేదు. ఆ ఊరి మద్యశాల నిర్వాహకుడు దోషి అని 1989లో రుజువై యావజ్జీవ శిక్ష పడింది. దేహం ఎక్కడుందో అతడు చెప్పలేదు. తల్లి మేరీ మెక్‌కోర్ట్ దశాబ్దాల పాటు బిడ్డ కోసం వెతికింది, చట్టం కోసం పోరాడింది. తత్ఫలితంగా 2020 నవంబరులో హెలెన్ పేరిట ప్రసిద్ధమైన శాసనం ఆమోదం పొందింది. కాని ఆ సంవత్సరం ఆరంభంలోనే దోషి విడుదలైనాడు. 2022లో ఆ రహస్యాన్ని వెల్లడించకుండానే మరణించాడు.

ఆ శాసనం చెప్పేది పరిమితమే. ముందస్తు విడుదలను విచారించే మండలి, దోషి దేహస్థలాన్ని చెప్పకపోవడాన్నీ, అందుకు గల కారణాన్నీ తప్పక పరిగణించాలి. విడుదలను అది సర్వథా నిషేధించదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 2017లోను, న్యూ సౌత్ వేల్స్ 2022లోను ఇంతకంటె కఠినమైన మార్గాన్ని అవలంబించాయి. అక్కడ దేహాన్ని కనుగొనడానికి సహకరించనివానికి ముందస్తు విడుదల లేదు. భారతదేశంలోనైతే సాక్ష్యాన్ని మాయం చేయడం ప్రత్యేక నేరం. 1860 నాటి శిక్షాస్మృతిలో 201వ విభాగంగా ఉన్నది నేడు భారతీయ న్యాయ సంహితలో 238వ విభాగమైంది. మూలనేరం మరణదండనార్హమైతే ఈ నేరానికి ఏడేళ్ల వరకు కారాగారం విధించవచ్చు.

ఇక్కడ రెండు కర్మలను వేరుచేసి చూడాలి. దేహాన్ని దాచడం ఒకనాడు జరిగిన క్రియ. దానికి దండన విధించడంలో ధర్మసందేహం లేదు. మౌనం మాత్రం ప్రతిదినం నూతనంగా జరిగే కర్మ. దేహం లభించనప్పుడు పలాశపత్రాలతో ప్రతికృతిని నిర్మించి దహనం చేసే విధిని మన శాస్త్రాలు చెప్పాయి. ఆప్తులు కర్మలోపం లేకుండా గట్టెక్కడానికి ఏర్పడిన కరుణామయమైన మార్గమది. అది హంతకుని ఋణాన్ని తీర్చదు.

అయితే మౌనానికి అదనపు దండన విధిస్తే? కాంప్డెన్‌లో ఉరికంబమెక్కినవారు హారిసన్ ఎక్కడున్నాడో ఎట్లా చెప్పగలరు? పొరపాటున శిక్షపడిన నిరపరాధికి చెప్పడానికి రహస్యమే ఉండదు. అతనిని మౌనానికై శిక్షించడం అధర్మం మీద అధర్మం.

రాజదండనం అనుభవించినవాడు శుద్ధుడవుతాడని మనుస్మృతి అష్టమాధ్యాయం చెబుతుంది. పాపక్షయానికి ఖ్యాపనం, అనగా చేసిన పాపాన్ని స్వయంగా వెల్లడించడం, తరువాత అనుతాపం సాధనాలని ఏకాదశాధ్యాయం చెబుతుంది. దండనం రాజు చేతిలోనిది. ఖ్యాపనం దోషి చేతిలోనిది. దానిని బలవంతంగా రాబట్టే శక్తి ఏ శాసనానికీ లేదు. కాని దాచిన దేహం గురించి నోరు విప్పనివాడు పరివర్తన చెందాడని నమ్మి ద్వారం తెరవవలసిన బాధ్యత కూడా రాజుకు లేదు. కావున దాచినందుకు దండన, చెప్పనందుకు దయను నిలిపివేయడం, చెప్పలేని కారణమేదైనా ఉంటే విని విచారించడం, ఈ మూడూ కలిసినదే ధర్మసమ్మతమైన మార్గం. కుమార్తె అస్థికలకై ఎదురుచూసే తల్లి కోరేది ప్రతీకారం కాదు. చివరి సంస్కారం జరిపే అధికారమే.