మీటరు కంటే ముందే మొదలయ్యే పొదుపు: విద్యుత్ చట్టాలు, భవన ప్లాన్లు

ఇంధన పొదుపు మీద ప్రశ్న రాగానే చాలామంది అభ్యర్థులు ఎల్‌ఈడీ బల్బు, స్టార్ లేబుల్, సోలార్ ప్యానెల్ అని రాసి ముగిస్తారు. ఆ మూడూ సరైనవే. కానీ పడమటి గోడంతా అద్దం బిగించిన ఆఫీసులో ఫైవ్ స్టార్ ఏసీ పెట్టినా, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అది ఆగకుండా నడవాల్సిందే. ఆ భవనం ప్లాన్ గీసిన రోజే దాని కరెంటు బిల్లులో పెద్ద భాగం ఖాయమైపోయింది. ఈ సంగతి మన చట్టాల్లోకి ఎక్కడానికి ఎందుకంత కాలం పట్టిందో తెలుసుకుంటే, మీ సమాధానం మిగతా వాటికంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

సరఫరాయే లక్ష్యమైన కాలం

1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. రెండేళ్లకు కలకత్తాలో థర్మల్ విద్యుత్ వచ్చింది. 1910 భారత విద్యుత్ చట్టం ప్రధానంగా లైసెన్సులకూ, లైన్లకూ, భద్రతకూ సంబంధించినది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్ర విద్యుత్ బోర్డులకు దారి వేసింది. చీకట్లో ఉన్న దేశానికి అప్పుడు కావలసింది కరెంటు. అందుకే ఎన్ని మెగావాట్లు పెంచాం, ఎన్ని ఊళ్లకు లైన్ వేశాం అన్నవే విజయానికి కొలమానాలయ్యాయి. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే ఈ ఆలోచనలో ప్రజా వినియోగ సంస్థ బాధ్యత మీటరు దగ్గర ఆగిపోయింది. మీటరుకు అవతల గోడ ఎలా ఉందో, కిటికీ ఏ దిక్కున ఉందో పట్టించుకునే వారు లేకపోయారు.

భవనాలకు తెలిసిన విద్య

అవతలి పక్క కథ వేరు. కరెంటు లేని రోజుల్లో ఇల్లే వేడిని అదుపు చేయాలి. కోస్తా జిల్లాల మండువా లోగిలిలో నడిమి ఖాళీ గుండా వేడిగాలి పైకి పోయేది, మందపాటి గోడలు ఎండను ఆలస్యంగా లోపలికి వదిలేవి. ఆధునిక వాస్తుశిల్పులు కూడా ఈ విద్యను కొనసాగించారు. పుదుచ్చేరిలోని శ్రీ అరవింద ఆశ్రమం కోసం ఆంటొనిన్ రేమండ్ రూపొందించిన వసతి గృహం దీనికి మంచి ఉదాహరణ. దాని పొడవాటి ముఖాలు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. ఆ రెండు వైపులా తెరిచి మూసే అడ్డపలకలు గాలిని రానిచ్చి ఎండను ఆపుతాయి. దీనికి నిధులు హైదరాబాద్ సంస్థానం దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా అందాయి. అందుకే దానికి గోల్కొండ పేరు పెట్టారు. 1960ల ఆరంభంలో అహ్మదాబాద్‌లో చార్లెస్ కొరియా కట్టిన ట్యూబ్ హౌస్ తక్కువ ఆదాయ వర్గాల కోసం. అందులో ఏటవాలు పైకప్పు వెంట వేడిగాలి ఎక్కి పైనున్న సందు గుండా బయటికి పోతుంది.

ఏసీ అందుబాటులోకి వచ్చాక ఈ విద్య వెనక్కి పోయింది. 1991 సంస్కరణల తర్వాత నగరాల్లో అద్దాల భవనాలు లేచాయి. చల్లని దేశాల్లో ఎండను లోపలికి పిలిచేందుకు పనికొచ్చే అద్దం, మన దగ్గర వేడిని బంధించే పెట్టెగా మారింది.

చట్టం ప్లాన్ వైపు తిరగడం

1973 చమురు సంక్షోభం పొదుపు గురించి ఆలోచింపజేసింది. 1978లో పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఏర్పడింది. కానీ సమగ్ర చట్టం కోసం 2001 దాకా ఆగాలి. ఇంధన పరిరక్షణ చట్టం కింద 2002 మార్చి 1న ఇంధన సామర్థ్య బ్యూరో వచ్చింది. 2007లో ఇంధన పరిరక్షణ భవన కోడ్ విడుదలైంది. దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించి, గోడ, పైకప్పు, అద్దం, లైటింగ్, శీతలీకరణలకు ప్రమాణాలు పెట్టింది. మొదట 500 కిలోవాట్ల లోడు ఉన్న వాణిజ్య భవనాలకే చట్టం వర్తించేది. 2010 సవరణ దాన్ని 100 కిలోవాట్లకు దించింది. 2018లో నివాస భవనాలకు ఎకో నివాస్ సంహిత వచ్చింది. 2022 సవరణ నివాస భవనాలను కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది, రాష్ట్రాలు లోడు పరిమితిని ఇంకా తగ్గించుకునే వీలు కల్పించింది.

అసలు చిక్కు ఎక్కడ?

ఇక్కడ రాజ్యాంగాన్ని కలపండి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం. భవన నిర్మాణ నియంత్రణ 12వ షెడ్యూలు ప్రకారం పురపాలక సంఘాలకు అప్పగించదగిన విధి. కోడ్ రూపొందించేది కేంద్రం, దాన్ని స్థానిక వాతావరణానికి తగ్గట్టు మార్చి నోటిఫై చేసేది రాష్ట్రం, ప్లాన్‌కు అనుమతి ఇచ్చేది మున్సిపాలిటీ, చివరికి లోడు మోసేది డిస్కం. ప్లాన్ దశలో ఈ నలుగురూ ఒకచోట కూర్చోకపోతే కోడ్ కాగితం మీదే మిగులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో కోడ్‌ను నోటిఫై చేసింది. తర్వాత హైదరాబాద్‌లో దాని పరిశీలనను ఆన్‌లైన్ భవన అనుమతులతో ముడిపెట్టడం ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నమే.

రెండో చిక్కు డబ్బుది. మంచి గోడకూ, సజ్జకూ ఖర్చు పెట్టేది బిల్డరు. నెలనెలా బిల్లు కట్టేది కొన్నవారో, అద్దెకున్నవారో. లాభం తనది కానప్పుడు బిల్డరు ఆ ఖర్చు ఎందుకు భరిస్తాడు? మార్కెట్ దీన్ని తనంతట తాను సరిచేయలేదు కాబట్టే ఇక్కడ నియంత్రణ అవసరమని మీరు వాదించవచ్చు.

ఇప్పుడు ఎందుకు ముఖ్యం?

2019 భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక అంచనా ప్రకారం, 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి దేశ శీతలీకరణ అవసరం సుమారు 8 రెట్లు పెరుగుతుంది. ఏసీని పదేళ్లకు మార్చుకుంటాం, బల్బును అంతకంటే ముందే మారుస్తాం. భవనం మాత్రం రెండు తరాలు నిలుస్తుంది. తప్పు దిక్కుకు తిరిగిన గోడను తర్వాత ఏ పథకమూ తిప్పలేదు. ఎండకు ఏసీ కొనలేని కుటుంబానికైతే ఇది బిల్లు సమస్య కూడా కాదు, రాత్రి నిద్ర సమస్య, వడగాలుల రోజుల్లో ప్రాణ సమస్య. కాబట్టి ప్రభుత్వ గృహ పథకాల ఇళ్లకు లోడు పరిమితితో పనిలేకుండా ఈ ప్రమాణాలు ఉండాలని ముగింపులో సూచించండి.

సాధన ప్రశ్న: "ఇంధన పరిరక్షణ విద్యుత్ శాఖ కంటే పట్టణ ప్రణాళికకు సంబంధించిన అంశం." చర్చించండి. (250 పదాలు)