ఎయిడెడ్ పాఠశాలలు - లాభాపేక్ష నిషేధం

యాజమాన్యం ప్రైవేటుదై, ఉపాధ్యాయుల జీతాలు ప్రభుత్వం చెల్లించే బడిని ఎయిడెడ్ పాఠశాల అంటారు. మొవ్వ, గుడివాడ, దివిసీమ ఊళ్లలో ఈ బడి అటు సర్కారుదీ కాదు, ఇటు కాన్వెంటూ కాదు. స్థలం ఏ దాతో రాసిచ్చింది, కరస్పాండెంటు ఊరి మనిషి, జీతం ట్రెజరీది. ప్రభుత్వ డబ్బుతో స్వతంత్ర యాజమాన్యం నడిపే అమెరికా చార్టర్ స్కూళ్లకు మన దగ్గర సాటి వచ్చేది ఇదే.

గ్రాంటు పద్ధతికి మూలం 1854 నాటి ఉడ్ తాఖీదు: స్థానిక యాజమాన్యం సవ్యంగా ఉండాలి, ప్రభుత్వ తనిఖీకి ఒప్పుకోవాలి. అంతకుముందే, 1843లో, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నం (బందరు)లో మిషన్ బడి తెరిచాడు. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు అక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. ఒకరిది మతసేవ, మరొకరిది దేశసేవ. బందరులో చదువు వ్యాపారంగా పుట్టలేదు.

ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 1982లో వచ్చింది. దాని కింద 1994 జనవరి 1న వెలువడిన జీవో 1 ప్రైవేటు బడుల జమాఖర్చును కూడా నిర్దేశించింది. వచ్చే ప్రతి వంద రూపాయల్లో 50 జీతాలకు, 15 సిబ్బంది గ్రాట్యుటీ వంటి వాటికి, 15 నిర్వహణకు, 15 బడి అభివృద్ధికి పోగా, యాజమాన్యానికి మిగిలేది 5. విద్య వ్యాపారం కాదని 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులోని ఫీజుల పథకాన్ని 2002లో టీఎంఏ పాయ్ తీర్పు కొట్టేసినా, న్యాయమైన మిగులు ఉండొచ్చు గానీ లాభార్జన కూడదన్న గీత మాత్రం గీసింది.

చిల్లు వేరే చోట ఉంది. బడిని నడిపే సొసైటీ కాగితం మీద లాభం చూపదు. భవనం యాజమాన్యం బంధువుల సంస్థ నుంచే అద్దెకు తీసుకుని, పుస్తకాలు, యూనిఫాం అక్కడే కొంటే లాభం ఆ దారిన పోతుంది. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం ఇలాంటి మరో పక్కదారిని మూసింది. లాభాపేక్ష కంపెనీలు చార్టర్ స్కూలును సొంతంగా నడపకూడదు, నిర్వహణ కాంట్రాక్టు రూపంలోనూ నడపకూడదు. 2019 జూలై 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. మనకూ అంత స్పష్టమైన నిబంధన అవసరం.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనలో విలీనం చేసుకోవడానికి పూనుకుంది. తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కాక, నవంబరు 12న యాజమాన్యాలకు నాలుగు ఐచ్ఛికాలిచ్చింది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఎయిడెడ్‌గానే కొనసాగడం వాటిలో ఉన్నాయి. గ్రాంటు పోయిన బడికి దిక్కు ఫీజులే. పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ చేయకుండా గ్రాంటును ఎండగట్టడమంటే ఆ బడిని ఫీజుల వ్యాపారానికి అప్పగించడమే. లాభాపేక్షను నిషేధించే ప్రభుత్వం ముందు ఖాళీ పోస్టులు నింపాలి.