రాముడు విన్న కొండకు అశోకం ఏది?

వినుకొండ పిల్లలు వృక్షశాస్త్రం కోసం విశ్వవిద్యాలయ తోట చూడాలంటే గుంటూరు దాటి నంబూరు దాకా పోవాలి. 1976లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి నాగార్జునుడి పేరు పెట్టారు. ఆయన పేరు మోసే కొండేమో వినుకొండ ఉన్న పల్నాట్లోనే ఉంది! ఈ ఉక్రోషం ఊళ్లోని శివయ్య స్తూపం సెంటర్లో కొత్తదేమీ కాదు.

ఏ తోటకు వెళ్లినా వినుకొండవాళ్లు ముందు వెతకాల్సింది అశోకాన్ని. ఆఫీసుల ముందు నిటారుగా నిలబడే నరమామిడిని కాదు, ముదురు కొమ్మలకే నారింజ, ఎరుపు పూలగుత్తులు వేసే అసలు చెట్టును. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట నడిపి, 1793లో కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దానికి సంస్కృత పండితుడు విలియం జోన్స్ పేరు కలిపి ‘జోనేసియా అశోక’ అన్నాడు. అంతకుముందే లిన్నేయస్ పెట్టిన ‘సరాకా’ ఉండటంతో జోన్స్ పేరు పోయింది, అశోకం మిగిలింది.

అశోకమే ఎందుకంటే, సీతను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్నది తమ కొండ మీదేనని ఊరి నమ్మకం. ఇంపీరియల్ గెజిటీర్ దాన్ని ఐతిహ్యమని ఒక్క ముక్కలో తేల్చేసింది. పోటీకి లేపాక్షి ఉండనే ఉంది, ఆ కబురు చెప్పిన జటాయువు పడింది తమ దగ్గరేనంటూ. అంత పెద్ద నంది, వేలాడే స్తంభం ఉన్నవాళ్లకు ఈ పక్షి కూడా కావాలా?

వాల్మీకి ఈ రెండు ఊళ్ల పేర్లూ చెప్పలేదు. కానీ జటాయువుకు దహనం చేశాకే రామలక్ష్మణులు పంపా సరస్సుకు చేరారని మాత్రం అరణ్యకాండ చెబుతుంది. పంప హంపి దగ్గరిదే అనుకుంటే, లేపాక్షి దానికి బాగా దక్షిణాన ఉంది. అంటే రాముడు కిష్కింధ దాటిపోయి మళ్లీ వెనక్కి రావాలి. వినుకొండ హంపికన్నా ఉత్తరాన ఉంది. నాసిక్ పంచవటి నుంచి లెక్కేస్తే తూర్పుకు చాలా దూరం, నిజమే. భద్రాచలం దగ్గరి పర్ణశాలే పంచవటి అనే తెలుగువాళ్ల మాట పట్టుకుంటే ఆ చిక్కూ చాలావరకు తీరుతుంది. హంపి వైపు పడమరగా నడిచేవాళ్లు కాస్త దక్షిణానికి ఒరిగారంతే. లేపాక్షి వాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

కబురు విన్న కొండకు సీతను ఉంచిన వనానికి పేరిచ్చిన చెట్టు నీడ ఉంటే బాగుంటుంది. అయితే రామలింగేశ్వరుడి గుడి దారిలో ఎండబండల మధ్య నాటితే అది బతకదు. అశోకం పడమటి కనుమల తడి అడవుల చెట్టు, లేతప్పుడు నీడ అడుగుతుంది. కొండ కింద, బోరు నీళ్లు అందే ఏ బడి ఆవరణలోనో, వేపచెట్టు చాటున మొదలుపెట్టాలి.