ప్రతిపక్షానికొక కుర్చీ

ప్రజాస్వామ్యమంటే ఎన్నికలేనని మనకొక అపోహ. ఓడినవారికి సభలో ఏ స్థానమిచ్చారన్నదే అసలు కొలమానమని నాకు తోస్తుంది.

బ్రిటన్ కామన్స్ సభలో 1826లో హాబ్‌హౌస్ అనే సభ్యుడు పరిహాసంగా 'రాజుగారి ప్రతిపక్షం' అన్నాడు. సభ నవ్వింది, మాట మాత్రం నిలిచిపోయింది. మంత్రులను ఎదిరించినవాడు రాజద్రోహి కాడన్న భావన అందులో ఉంది. 1937లో ప్రతిపక్ష నాయకునికి ఖజానా నుంచే జీతం ఏర్పడింది.

అమెరికాలో అటువంటి పదవి లేదు. అధ్యక్షుడు, కాంగ్రెసు వేర్వేరుగా ఎన్నికవుతారు గనుక, అధ్యక్ష పదవి పోగొట్టుకున్న పక్షానికే ఒక్కోసారి చట్టసభలో ఆధిక్యం దక్కుతుంది.

మనం బ్రిటిషు బాట పట్టాం. అయితే 1952 లోక్‌సభ ఎన్నికల్లో 489 స్థానాలకు కాంగ్రెసు 364 గెలిచింది. రెండవదైన కమ్యూనిస్టు పార్టీకి వచ్చినవి 16. సభలో పదోవంతు బలముండాలన్న నియమం వల్ల 1969 దాకా గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేతే లేడు.

1977 నాటి చట్టం ప్రతిపక్షాల్లో పెద్దదాని నాయకుడనీ, స్పీకర్ గుర్తించాలనీ మాత్రమే అంటుంది. పదోవంతు ఊసు అందులో లేదు. అయినా 1980-89 మధ్య, మళ్ళీ 2014-24 మధ్య ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఏలినవారు మారారు, ఆనవాయితీ మారలేదు. బ్రిటన్ నుంచి సభను తెచ్చుకున్నాం. ఎదుటి కుర్చీని తెచ్చుకోవడానికే మనసొప్పలేదు.