గోల్డ్‌ఫిష్ పెంచాలనుకుంటున్నారా? ముందు నీళ్ల లెక్క తెలుసుకోండి

ఈద్ అయిపోగానే ఈదీ డబ్బులతో పిల్లలు కొనిపించుకునే వాటిలో గోల్డ్‌ఫిష్ కూడా ఒకటి. గుండ్రటి గాజు గిన్నె, అడుగున రంగురాళ్లు, చిన్న మేత డబ్బా, రెండు చేపలు. తెచ్చిన రోజు ఇంటిల్లిపాదీ దాని చుట్టే ఉంటారు. చాలా ఇళ్లలో వారం పది రోజులకే ఒక చేప నీళ్లపై తేలుతుంది. దాని ఆయుష్షు అంతేనని పెద్దలు పిల్లలకు సర్దిచెబుతారు.

నిజానికి గోల్డ్‌ఫిష్ ఆయుష్షు వారం కాదు. బాగా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. ఇంగ్లండ్‌లో 1956లో ఒక కుటుంబం జాతరలో గెలుచుకున్న 'టిష్' అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. కొత్తగా తెచ్చిన చేపలు మొదటి నెలలోనే చనిపోవడానికి చాలాసార్లు కారణం జబ్బు కాదు, నీళ్లు. నీళ్లను సరిగ్గా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

గిన్నెలో జరిగేది ఇదీ

చేప మొప్పల ద్వారా అమ్మోనియా అనే విషపదార్థాన్ని బయటికి వదులుతుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా అమ్మోనియానే తయారవుతుంది. చెరువులో అయితే అది నీళ్లలో పలచబడిపోతుంది. నాలుగైదు లీటర్ల గిన్నెలో ఎటూ పోదు. నీళ్లు కంటికి తేటగానే కనిపిస్తాయి గానీ చేప మొప్పలు కాలిపోతుంటాయి. దానికితోడు గిన్నె మూతి ఇరుగ్గా ఉంటే గాలి తగిలే నీటి పైభాగం తగ్గి, ఆక్సిజన్ చాలదు. ఇటలీ రాజధాని రోమ్‌లో 2005లో నగరపాలక మండలి గుండ్రటి గిన్నెల్లో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడాన్నే నిషేధించింది.

ట్యాంక్ ఎంత ఉండాలి?

దుకాణంలో వేలెడంత కనిపించే చేప అంతే ఉండిపోదు. గుండ్రటి ఒళ్లు, జంట తోక ఉండే ఒరాండా, బ్లాక్ మూర్, ఫ్యాన్‌టెయిల్ లాంటి రకాలు 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. సన్నగా, ఒంటి తోకతో ఉండే కామెట్ రకం అడుగు దాకా పెరగగలదు. దానికి ఇంటి ట్యాంక్ కంటే తొట్టి లేదా చిన్న కొలను నయం.

జంట తోక రకాలకు మొదటి చేపకు సుమారు 75 లీటర్లు, ఆ తర్వాత ఒక్కో చేపకు ఇంకో 40 లీటర్లు అని లెక్క వేసుకోవాలి. ట్యాంక్ పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు ఉన్న ట్యాంక్‌లో సుమారు 132 లీటర్లు పడతాయి. పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే 115 లీటర్లు మిగులుతాయి. అంటే మూడడుగుల ట్యాంక్ రెండు చేపలకు సరిపోతుంది.

లీటరు నీళ్లు కిలో బరువు. నిండిన ట్యాంక్ నీళ్లే 115 కిలోలు, గాజు బరువు అదనం. గోడ అలమరలో గానీ ప్లాస్టిక్ స్టూలు మీద గానీ పెట్టకూడదు. గట్టి ఇనుప స్టాండ్ వేసి, ట్యాంక్ కింద థర్మాకోల్ షీట్ పరవాలి.

చేప కంటే ముందు ట్యాంక్

ట్యాంక్, చేపలు ఒకే రోజు తేవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే మంచి బాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషమే. మూడోది కొద్ది మోతాదులో పెద్దగా హాని చేయదు, వారం వారం నీళ్లు మార్చితే తగ్గిపోతుంది. ఈ బాక్టీరియా తగినంత పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

తెలిసినవాళ్ల దగ్గర బాగా నడుస్తున్న, జబ్బు లేని ట్యాంక్ ఉంటే వాళ్ల పాత స్పాంజిలోంచి ఒక ముక్క తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే ఈ గడువు బాగా తగ్గుతుంది. పాలు తోడు వేసినట్టే ఇదీ. చేపలు ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే రోజూ పావు వంతు నీళ్లు మార్చుతూ, మేత బాగా తగ్గించాలి. అక్వేరియం దుకాణాల్లో దొరికే టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఇలాగే నడపాలి.

నల్లా నీళ్లా, బోరు నీళ్లా?

వరంగల్, హన్మకొండ, కాజీపేటలకు ధర్మసాగర్, భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల నీళ్లను శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి నల్లాల్లో వదులుతారు. మనుషులకు క్షేమమైన ఆ క్లోరిన్ చేప మొప్పలను దెబ్బతీస్తుంది, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియానూ చంపుతుంది. నల్లా నీళ్లను బకెట్‌లో పట్టి మూత లేకుండా 24 గంటలు ఉంచాలి. లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయాలి.

బోరు నీళ్లు కాస్త ఉప్పగా, గట్టిగా ఉన్నా గోల్డ్‌ఫిష్ తట్టుకుంటుంది. పీహెచ్ 7 నుంచి 8.4 మధ్య ఉంటే చాలు. అయితే ఒకసారి బోరు, ఒకసారి నల్లా అని మార్చొద్దు. క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్లు శుభ్రమే గానీ అందులో చేపకు కావాల్సిన ఖనిజాలు ఉండవు.

ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది సింటెక్స్ ట్యాంక్ నుంచి వచ్చే నీళ్లు మరిగినట్టే ఉంటాయి. వాటిని నేరుగా పోస్తే చేప అక్కడికక్కడే చనిపోవచ్చు. నీళ్లు తెల్లవారుజామునే పట్టుకోవాలి. కొత్త నీళ్లకు, ట్యాంక్ నీళ్లకు ఒకటి రెండు డిగ్రీల కంటే తేడా ఉండకూడదు.

వారానికోసారి పావు నుంచి మూడో వంతు వరకు మాత్రమే నీళ్లు మార్చాలి. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు సబ్బుతో తోమి, స్పాంజిని నల్లా కింద పిండితే నెల రోజులు కష్టపడి పెంచిన బాక్టీరియా ఒక్క పూటలో పోతుంది. స్పాంజిని ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

రెక్కలు విప్పుకుని చురుగ్గా తిరిగే చేపను ఎంచుకోవాలి. అదే ట్యాంక్‌లో చచ్చిన చేప గానీ, మూల నక్కిన చేపలు గానీ ఉంటే వద్దు. సరుకు ఎప్పుడొచ్చిందో అడగాలి. చెన్నై కొళత్తూరు లాంటి టోకు మార్కెట్ల నుంచి దూరప్రయాణం చేసి వచ్చిన చేపలు దుకాణంలో వారమైనా కుదురుకున్నాక కొనడం మేలు. హైదరాబాద్ నుంచి తెచ్చుకుంటే ఆక్సిజన్ నింపిన కవర్‌లో ప్యాక్ చేయించి, థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరాలి.

ఇంటికి రాగానే కవర్‌ను ట్యాంక్ నీళ్లపై 15 నిమిషాలు తేలనిచ్చి, అందులో కొద్దికొద్దిగా ట్యాంక్ నీళ్లు కలిపి, చేపను మాత్రమే వలతో తీసి వదలాలి. దుకాణం నీళ్లు ట్యాంక్‌లో పోయొద్దు. ఏంజెల్, టెట్రా లాంటి వెచ్చని నీటి చేపలను, ట్యాంక్ శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే సక్కర్ చేపను గోల్డ్‌ఫిష్‌తో కలపొద్దు. సక్కర్ పెద్దదయ్యాక గోల్డ్‌ఫిష్ ఒంటిమీది జిగురును కూడా నాకేస్తుంది.

మేత పెట్టే చేయి ఒక్కటే ఉండాలి

గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు. తిన్నది నేరుగా పేగుల్లోకి పోతుంది. అందుకే ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే కనిపిస్తుంది. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేయాలి. మునిగే గుళికలు మేలు. వాటిని నీళ్లలో కాసేపు నానబెట్టి వేస్తే చేప గాలి మింగడం తగ్గుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించి పొట్టు తీసిన పచ్చిబఠాణీ, పాలకూర పెట్టొచ్చు. అన్నం, బ్రెడ్, బిస్కెట్, మరమరాలు వద్దు.

నలుగురున్న ఇంట్లో నలుగురూ తలా చిటికెడు వేస్తే చేపకు నాలుగు పూటల తిండి అవుతుంది. ఆ బాధ్యత ఒక్కరికే ఇచ్చి, వేసినప్పుడల్లా గోడ క్యాలెండర్‌పై టిక్ పెట్టించాలి. పెళ్లికో ఊరికో వెళ్లి మూడు నాలుగు రోజులు ఇల్లు తాళం వేసినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఏమీ కాదు. తెలియని పక్కింటివాళ్లతో మేత వేయించడం కంటే వేయకపోవడమే క్షేమం. రంజాన్‌లో సెహరీకి ఇంట్లో దీపాలు వెలిగినా ట్యాంక్ లైట్ వేయొద్దు. చేపకూ చీకటి, విశ్రాంతి కావాలి.

ఎండాకాలమే అసలు పరీక్ష

గోల్డ్‌ఫిష్ చైనాలో వెయ్యేళ్ల కిందటి నుంచి సాకుతూ వచ్చిన కార్ప్ జాతి చేప. చల్లని నీళ్లంటే దానికి ఇష్టం. 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ దానికి హాయి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఇంట్లోని నీళ్లూ 30 దాటుతాయి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు పడిపోతుంది. చేపకు మాత్రం వేడిలో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి.

ట్యాంక్‌ను కిటికీ ఎండకు, వంటింటి వేడికి దూరంగా పెట్టాలి. ఎయిర్ పంప్ రాత్రింబవళ్లు నడవాలి. మూత తీసి జాలీ వేసి, నీటి పైభాగానికి చిన్న ఫ్యాన్ గాలి తగిలిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మూత బిగించిన ఐస్ బాటిల్‌ను కాసేపు తేలనివ్వొచ్చు గానీ ఐస్ గడ్డలు నేరుగా వేయొద్దు. కరెంటు పోతే ఎయిర్ పంప్‌ను ఇన్వర్టర్‌కు కలపాలి. అదీ లేకపోతే గ్లాసుతో ట్యాంక్ నీళ్లనే తీసి కాస్త ఎత్తు నుంచి పోస్తూ ఉండాలి.

దోమల మందుతో జాగ్రత్త

దోమలు, బొద్దింకల స్ప్రేల్లో వాడే పైరెత్రాయిడ్ మందులు చేపలకు ఘోరమైన విషం. ట్యాంక్ ఉన్న గదిలో స్ప్రే గానీ, కాయిల్ గానీ, లిక్విడ్ మెషిన్ గానీ వాడొద్దు. దోమతెర మేలు. గదిలోని గాలినే ఎయిర్ పంప్ నీళ్లలోకి పంపుతుంది కాబట్టి ఊదు, అగరబత్తి వేరే గదిలో వెలిగించాలి. అత్తరు, సబ్బు అంటిన చేయి ట్యాంక్‌లో పెట్టకూడదు.

జబ్బు గుర్తులు

చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే ఆక్సిజన్ తగ్గిందనో, అమ్మోనియా పెరిగిందనో అర్థం. మందు కోసం పరిగెత్తకముందు మూడో వంతు నీళ్లు మార్చాలి. ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది తెల్లచుక్కల జబ్బు. అయొడిన్ కలపని కల్లుప్పును లీటరుకు 1 గ్రాముతో మొదలుపెట్టి, 12 గంటల తేడాతో పెంచుతూ 3 గ్రాములు దాటకుండా కరిగించి పోయాలి. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి నీళ్లు మార్చినప్పుడు, మార్చిన నీళ్లకు సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచుల్లో మాత్రమే తెల్లచుక్కలుండి చేప హుషారుగా ఉంటే అది జబ్బు కాదు. మగచేపలకు జతకట్టే కాలంలో అవి మామూలే.

చెరువులో వదలొద్దు

పెంచలేక, మంచిపనే కదా అని భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వదిలేయడం తప్పు. గోల్డ్‌ఫిష్ బురద కెలికి నీళ్లు చెడగొడుతుంది, ట్యాంక్ రోగాలను చెరువు చేపలకు అంటిస్తుంది. అమెరికాలోని బర్న్స్‌విల్ నగరంలో ఇలా వదిలినవి చెరువులో భారీగా పెరగడంతో 2021లో అధికారులు చేపలు వదలొద్దని జనానికి విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. ట్యాంకుల్లోంచి బయటపడ్డ సక్కర్ చేపలు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో ఇప్పటికే జాలర్లకు తలనొప్పి అయ్యాయి. పెంచలేకపోతే దుకాణానికో, పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకో ఇవ్వాలి.

ఇల్లు ఇరుకైతే

అద్దె ఇంట్లో మూడడుగుల ట్యాంక్ అందరికీ కుదరదు. నోరు లేని జీవిని ఇంటికి తెస్తే అది అమానత్. కుదరనప్పుడు పిల్లల ముచ్చట కోసం గోల్డ్‌ఫిష్‌ను గిన్నెలో పెట్టడం కంటే వేరే చేపను ఎంచుకోవడం మంచిది. 40 లీటర్ల ట్యాంక్‌లో నాలుగైదు మగ గప్పీలు హాయిగా ఉంటాయి. 20 లీటర్లు మాత్రమే పట్టే చోటుంటే ఒక్క బెట్టా చాలు. ఇవి వెచ్చని నీటి చేపలు కాబట్టి వరంగల్ ఎండలను గోల్డ్‌ఫిష్ కంటే బాగా తట్టుకుంటాయి. ఫిల్టర్, ముందుగా బాక్టీరియా పెంచడం, వారం వారం నీళ్లు మార్చడం మాత్రం వాటికీ తప్పవు.